నిలబడుడు

కూసుంటే వచ్చే పాట
నిలబడంగనే చేతులిడిచి పోయింది.
గిటార్ మెడ నేల దిక్కు వంగుతది,
నా మెడ గిటార్ దిక్కు.
మణికట్టు వంకరపోయి
చూపుడువేలు అడ్డం పరిచే కార్డు కాడ
బొటనవేలి మొదల్ల సలుపు.

చండూరుల మా ఇంట్ల అందరిదీ గుంట మగ్గం.
తాత, నాయిన, పెద్దమ్మ,
నడుము దాకా భూమిలుండి బతికినోళ్లు.
నిలబడి చేసే పని
మా మోకాళ్లకు ఎవరు నేర్పాలె?

"పట్టె పొడుగైంది" అన్నది యశోద పెద్దమ్మ
కండెలు చుట్టుకుంట, తలెత్తకుండ.
"ఒడిల ఏడ ఉంటదో
లేచినా గాడనే ఉండాలె గదరా."
వచ్చి బకిలు మూడు వేళ్లంత మీదికి గుంజింది.
భుజం కోసుకపోకుండ
పాత తేలియా రుమాలు మడతపెట్టింది.

నెలయింది.
రాత్రి లైటు బందుపెట్టి వాయిస్త,
తీగలు కనబడకుంటే తల వంగదని.
ఆంప్ చిన్నగ, పక్కింటి మగ్గం చప్పుడు కంటె చిన్నగ.
తప్పులు పోలే.
నిన్న మాత్రం
ఒక తప్పు కాడికి
వేలు నన్నడగకుండనే తిరిగొచ్చి సర్దుకుంది.
అప్పుడు చూసిన:
ఎడమకాలు తాళం తొక్కుతున్నది
మగ్గం పలక తొక్కినట్టె.
కింద గుంట లేదు.
ఉత్త గచ్చు.