పోర్షన్ ఖాళీ

ఫోన్‌లో నేను నాగుని.
నాగుల్ మీరా అని చెబితే
అవతలి ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపించేంత సేపు
ఎవరూ మాట్లాడరు.
అందుకని సగం పేరుతోనే
పద్దెనిమిదేళ్ళుగా ఈ బెజవాడలో
ఇళ్ళు చూపిస్తున్నాను.

మొగల్రాజపురంలో వకుళ గారిది మేడమీద పోర్షన్.
కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి.
హాల్లో గోడ నిండా ప్రపంచపటం,
పై మూల చెదలు పట్టి
రష్యా కాస్త తగ్గింది.
ఒకసారి లెక్చరర్ల బృందంతో హ్యూస్టన్ వెళ్ళి
మూడు నెలలుండి వచ్చారట.
కాఫీ ఇచ్చిన ప్రతిసారీ
ఆ ఊరు కూడా వడ్డిస్తారు:
ఒకే రోడ్డు మీద వియత్నాం వాళ్ళ పులుసట,
పక్కనే నైజీరియా ఆవిడ జడలల్లే కొట్టట,
బస్సెక్కితే చెవిన పడే ఏడు భాషల్లో
ఒక్కటీ అర్థం కాకపోవడం
ఎంత హాయో అట.
"డల్లాసూ పెద్దదే నాగూ,
పెద్దదైతే సరిపోయిందా?
ఊరికి తలుపులుండాలి" అన్నారు.
ఆ మాట నాకు నచ్చింది.
మర్నాడే ఒక అమ్మాయిని తీసుకెళ్ళాను.

లాల్‌రెమి. ఐజ్వాల్ నుంచి.
బందరు రోడ్డు సెలూన్‌లో పని,
మన పెళ్ళికూతుళ్ళ జుట్టు సాపు చేసేది ఆమే.
వచ్చిన తెలుగంతా
"తల వంచండి", "నొప్పా?", "బాగుంది మేడమ్".
వకుళ గారు ఆమెను చూశారు, పటం చూశారు,
మిజోరం కొండలు, వర్షపాతం, వెదురు
అన్నీ ఆమెకే చెప్పారు, ఒక్క తప్పు లేకుండా.
తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచి
గొంతు తగ్గించి,
"ఏం వండుకుంటుందో మరి?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.
ఒక పేటలో ఉల్లిపాయ దగ్గర ఆగుతుంది,
ఇంకో పేటలో ఇంటిపేరు దాకా వస్తుంది,
ఒక ఇంటాయన కోడిగుడ్డు పెంకుల కోసం
చెత్తబుట్ట తిరగేయడం నేను చూశాను.
నా సొంతానికి వెతికితే మాత్రం ప్రశ్నే ఉండదు,
పోర్షన్ నిన్ననే ఇచ్చేసి ఉంటారు.

మూడు ఆదివారాలు, ఏడు ఇళ్ళు,
చివరికి సింగ్ నగర్.
అప్పికట్ల మరియమ్మ. పోయిన గ్యాంగ్‌మన్ పింఛను,
పైన ఒక గది.
గోడ మీద బుడమేరు గీత,
రెండుసార్లు సున్నం కొట్టినా పోని మట్టి రంగు.
అమ్మాయి పక్కన నిలబడి కొలుచుకుంది,
గడ్డం దాకా వచ్చింది. నవ్వింది.
"ఈతొచ్చా?" అంది మరియమ్మ.
రాదంది.
"నాకూ రాదులే.
పంపు ఐదింటికొస్తది, లేవగలవా?"
అంతే, అయిపోయింది.

డాబా మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి.
లాల్‌రెమి ఒకటి తీసి వాసన చూసి
వాళ్ళ భాషలో ఏదో అంది.
మెచ్చుకుందో, పెదవి విరిచిందో నాకు తెలీదు.
హాయిగా ఉందని మాత్రం చెప్పను,
కాస్త బెరుకు, కాస్త ఆకలి.
కమీషన్ సగమే తీసుకున్నాను.
మంచితనం కాదు, ఆమె దగ్గర అంతే ఉంది.

నెల తిరక్కుండా మరియమ్మ ఫోను:
"నీ పిల్ల మోటారు ఆపదయ్యా,
ట్యాంకు పొర్లి కిందోళ్ళ బట్టలన్నీ తడిసినయ్!"
తిట్లన్నీ విన్నాను, అడ్డుపడకుండా.
ఎందుకో
పెద్ద ఊళ్ళో ఉన్నట్టనిపించింది.

వకుళ గారి మేడ ఇంకా ఖాళీ.
"మంచివాళ్ళుంటే చూడు నాగూ" అంటారు.
కాఫీ అదే, చిక్కగా.
ఒక కుటుంబం ఉందండీ, ముగ్గురే,
గొడవల్లేని మనుషులు,
ఆయనది ఇళ్ళు చూపించే పని
అందామని గ్లాసు కింద పెట్టాను.
పెట్టి, పటంలో హ్యూస్టన్ ఎక్కడుందా అని
వెతుకుతూ కూర్చున్నాను.
చెదలు అటువైపు కూడా
మొదలైనట్టున్నాయి.