మంచు మీద ఇచ్చిన మాట

సత్రం వెనక గదిలో అర్జీలు రాసుకుంటున్నాను.
బల్లకి ఒక కాలు పొట్టి.
దాని కింద పెట్టిన రొట్టెముక్క
ఎండి ఎండి ఇప్పుడు రాయికంటే నమ్మకంగా ఉంది.

యాభై ఏడేళ్ల కిందట
డిసెంబరు మంచులో వరసగా నిలబెట్టి
కుర్రాళ్లకి ఒక మాట చెప్పారట:
నారగాన్సెట్‌ల కోట పట్టండి,
జీతం కాక భూమి కూడా మీకు.
మాట అప్పుడే బయల్దేరింది.
మసాచుసెట్స్ దారులు ఎలాంటివో మీకు తెలుసు కదా,
ఈ మార్చి నెలలో వచ్చి చేరింది.
అందుకోవడానికి కుర్రాళ్లు లేరు.

కొడుకులొచ్చారు, మనవలొచ్చారు,
మారుమనువాడిన విధవల అల్లుళ్లొచ్చారు.
ఒకడు తాత కత్తిపిడి తెచ్చాడు, కత్తి లేదు.
ఒకడి చేతిలో మందుగుండు కొమ్ము.
దాని మీద చెక్కిన పేరు ఇంకెవరిదో.
"మా తాత కొట్టేశాడండీ" అన్నాడు సిగ్గుపడకుండా,
"కానీ కొట్టేసింది ఆ యుద్ధంలోనే."
సాక్ష్యమే మరి. రాసుకున్నాను.

దీపం పెట్టే వేళకి కెజియా పెట్టింగిల్ వచ్చింది.
కూర్చోమంటే కూర్చోలేదు.
సంచిలోంచి ఉన్ని చేతితొడుగు తీసి బల్లమీద పెట్టింది.
ఎడమచేతిది.
చిటికెనవేలికి, దాని పక్క వేలికి చోటు లేదు,
ఆ వేళ్లు ఆ రాత్రి తిరుగుదారిలోనే రాలిపోయాయి.
"మా అమ్మ పెళ్లైన ఏడాది నుంచీ
మూడు వేళ్లకే అల్లేది.
చేతికి లెక్క అలవాటైపోయింది.
మా తమ్ముడికి అల్లినా ఒక్కోసారి మూడే వచ్చేవి."

పేరు: ఎల్నాతాన్ వార్డ్‌వెల్.
పుస్తకం తిరగేశాను. ఉంది.
"అమ్మా, మీ తమ్ముడు జెడెడయా పోయిన నెలే వచ్చాడు.
వాటా రాయించుకున్నాడు,
ఆ సాయంత్రమే కింద గదిలో అమ్మేశాడు,
ఒక పెయ్యకీ, పీపాడు ఆపిల్ సారాకీ."
"తెలుసు. పెయ్య మా ఇంట్లోనే ఉంది.
నేను అడగడానికి రాలేదు, చెప్పడానికొచ్చాను."

చెప్పింది.
మొక్కజొన్న వేయించే వాసనొస్తే
నాన్న లేచి బయటికెళ్లిపోయేవాడు,
వానైనా సరే.
కోటలో గాదెలు నిండుగా ఉన్నాయట ఆ రోజు.
గుడిసెలకి నిప్పు పెట్టమన్నప్పుడు
లోపల ఎవరున్నారో చప్పుడుబట్టి తెలుస్తూనే ఉందట.
గాదెలూ కాలాయి, వాళ్లూ కాలారు.
ఏ వాసన దేనిదో
ముసలివాడయ్యాక కూడా విడదీసుకోలేకపోయాడు.
"ఇది రాయండి."

పేరు, కెప్టెన్, ఊరు, చుట్టరికం.
నా కాగితంలో నాలుగే గడులు.
"దీనికి గడి లేదమ్మా."
"అంచు ఉంది కదా" అంది.

గోడమీద పటం ఉంది.
ఉత్తరాన అడవిలో నూట ఇరవై ముక్కలు,
టోపీలో చీటీలు వేసి పంచాలి.
సర్వేయరు మధ్యలో 'ఖాళీ' అని రాశాడు.
ఏటి మలుపు దగ్గర మాత్రం
మాది కాని భాషలో ఒక పేరు,
చెవికి తోచినట్టు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి.
పోయిన వారం అతన్నే అడిగాను:
అక్కడ మనుషులున్నారా?
"వేసవిలో చేపలకొస్తారు."
అంటే ఉన్నట్టేగా?
"వేసవిలో" అన్నాడు, బూట్లు దులుపుకుంటూ.

అంచులో రాశాను.
చిన్న అక్షరాలు. నా దస్తూరీ బాగుండదు,
కమిటీ వాళ్లు కళ్లజోడు మర్చిపోయే రకం.
ఇసక చల్లి ఊదాను.
ఆవిడ తడారేదాకా చూసింది,
చదువు రాదు, అయినా చూసింది.

తొడుగు ఇక్కడ ఉంచుతారా అన్నాను.
"చలిగా ఉంది" అంది.
కిటికీలోంచి కనిపించింది,
రెండు వేళ్లు అరచేతిలోకి మడుచుకుని తొడుక్కుని
మూడింటితో గుర్రం కట్టు విప్పుతోంది.
ముడి బిగుసుకుంది.
చాలాసేపు పట్టింది.