కొలతల పుస్తకం

వడపళనిలో నా మిషను సొరుగులో
కొలతల పుస్తకం. అందులో ఒక పేజీ మాణిక్యాంబది.

నాటకాలాడి మద్రాసు దిగిన కొత్తల్లో
నడుము ఇరవై నాలుగు.
"లావుగా ఉంటేనే నవ్వుతారట, దూది కట్టవయ్యా" అంది.
కట్టాను. మూడు కిలోలు.
గయ్యాళి అత్త, అప్పడాల పిన్ని, హాస్టలు వార్డెను...
గుమ్మంలో ఇరుక్కుంటే చాలు, హాలంతా ఈలలు.

ఏలూరు స్టేజీ మీద మాత్రం
ఒట్టి కనుబొమ్మతో నవ్వించేదాన్నని
ఒకసారి అద్దం ముందు చేసి చూపించింది.
నా నోట్లో గుండుసూదులు.
నవ్వలేక చచ్చాను.

పోనుపోను దూది అక్కర్లేకపోయింది.
ఆ పైన పిలుపులూ రాలేదు.

మొన్న వచ్చింది,
సీరియల్లో మంచం పట్టిన బామ్మట, జాకెట్టు కావాలని.
టేపు చుట్టాను. ఇరవై ఆరు.

"డైలాగుల్లేవు," అంది,
"కనుబొమ్మ ఉందిగా."