పదిహేడో ప్రశ్న

పర్లాకిమిడిలో కరెంటు పోయి వచ్చేలోగా
పదకొండు వందల నలభై మంది పిల్లలు
నా తెరమీద చుక్కలైపోయారు.

ముప్పై ప్రశ్నలు, ఐదో తరగతి లెక్కలు.
ఒక్కో ప్రశ్నకి ఒక్కో వంపు గీత:
అడుగున బద్ధకంగా మొదలై, నడుమ నిక్కి,
పైకెళ్ళి పడుకుంటుంది.
తెలివి పెరిగేకొద్దీ ఒప్పు పెరగాలి.
గీత అడిగేది అంతే.

పదిహేడు మాత్రం మాట వినలేదు.
చుక్కలు ఎడంపక్క పైన, కుడిపక్క కింద,
సంతలో తప్పిపోయిన మేకల్లా.
ఒకటికి దగ్గరగా ఉండాల్సిన అంకె
రెండు పాయింట్ మూడు చూపిస్తోంది.
"కుదరలేదు, తీసెయ్యండి" అన్నాడు పాణిగ్రాహి,
పెళ్ళిసంబంధం గురించి చెప్పినంత తేలిగ్గా.

తొమ్మిదో ప్రశ్నా కుదరలేదు.
దాని వెనక కథేం లేదు,
అచ్చులో దశాంశ బిందువు ఎగిరిపోయింది.
కొట్టేశాను. టీ తాగాను.

పదిహేడు ఇదీ:
కిలో చింతపండు ఇరవై ఎనిమిది రూపాయలు.
మూడుంబావు కిలోలు ఎంత?

జవాబు పత్రాల కట్టలు విప్పాను.
టౌను బడిలో ఇరవై ఆరు తెచ్చుకున్న పిల్ల
ఎనభై ఎనిమిది అని పెట్టింది.
పావంటే నాలుగు కలపడం అనుకుందేమో,
వాళ్ళింట్లో చింతపండు పొట్లంలో పుడుతుంది.
గుమ్మ కొండమీది ఇసాయి రైకాకి
మొత్తం మీద ఏడు.
అందులో ఒకటి ఇది: తొంభై ఒకటి.
పక్కన లెక్క చేసిన గుర్తే లేదు.
గురువారం సంతలో వాళ్ళమ్మ తక్కెడ పట్టుకుంటే
వేళ్ళమీద పావులు దింపేది వీడే కాబోలు.
కాబోలే. నేను చూడలేదు.
ఇంట్లో సవర మాట్లాడే పిల్లాడికి
ఒడియాలో రాసిన తక్కిన ప్రశ్నలు
లెక్కలని తెలిసిందో లేదో.

ఆఫీసు కింద దర్జీ కూర్మారావు అన్నాడు,
నేను అడగని మాట, ఇంకెవరికో చెబుతూ:
"జాకెట్టు బిగుతైతే
ఒళ్ళు చెక్కుతామేటమ్మా,
కుట్టు విప్పుతాం గానీ."

నవ్వి మెట్లెక్కాను.
నా దగ్గర విప్పడానికి కుట్టు లేదు,
ఉన్నది ఒక్కటే గీత.
దానిమీద ఆ ఇద్దర్నీ
ఎత్తువారీగా నిలబెట్టినదాన్ని నేనే.

ఒకసారి తీసేసి చూశాను.
మిగిలిన ఇరవై ఎనిమిదీ ముద్దుగా ఒదిగాయి.
ఇసాయి ఆరుకి దిగాడు.
టౌను పిల్ల తప్పు ఒకటి మాయమైంది.
ఎవరికీ ఏ చప్పుడూ వినబడలేదు.

మళ్ళీ పెట్టాను.
రిమార్కుల గడిలో ఒడియాలో రాశాను:
ప్రశ్న బాగానే ఉంది. గీతని ఇంకోసారి చూడాలి.
చదువుకుంటే నాకే
హోంవర్కు తేని పిల్ల సాకులా ఉంది.
రేపు భువనేశ్వర్ నించి ఫోనొస్తుంది.

ఇవాళ బుధవారం.
గుమ్మ బస్సు పొద్దున్న ఆరున్నరకి.