మూడు థర్మామీటర్ల ఇల్లు

మొదటిది పట్నంబజారులో కొన్నాను.
నూట ఇరవై అన్నాడు, ఎనభైకిచ్చాడు.
హాల్లో చర్చి క్యాలెండరు పక్కన మేకు కొట్టి తగిలిస్తుంటే
"జ్వరం మనిషికి చూస్తారు గానీ
గోడకి చూసేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అంది సలోమి.

పగలంతా నేను స్వెట్టరు మనిషిని.
మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీలో
తేజా, బాడిగ, మూడొందల నలభై ఒకటి,
ధర రాక రైతులు దాచుకున్న ఎరుపంతా
అంతస్తుకి ఇన్ని బస్తాలని.
దానికి చెమట పట్టకుండా చూసుకోవడమే నా నెలజీతం.
రాత్రి ఏడింటికి కొరిటెపాడులో తలుపు తీస్తే
పొద్దుణ్ణించీ మూతేసిన ఇడ్లీపాత్ర తెరిచినట్టు
నా ఇల్లు నా మొహం మీదికొస్తుంది.

మిరపకాయకున్న భాగ్యం మనకెందుకు లేదని
డాబాకి సున్నం వేశాను,
రెండు పూతలు, మూడో పూత సగం.
ఎదురింటి మస్తాన్‌వలి నల్లకళ్లద్దాలు పెట్టుకుని
"అన్నా, మీ డాబా చూసి చూసి
నాకు శుక్లాలొచ్చేట్టున్నాయి" అన్నాడు.
పడమటి గోడకి బచ్చలి ఎక్కించాను.
అది కిటికీ అందుకునేలోపు
వారానికి నాలుగుసార్లు బచ్చలిపప్పు తిన్నాం.
చేపలు చచ్చిపోయిన తొట్టిలోంచి మోటారు పీకి
వట్టివేళ్ల తెర మీదికి నీళ్లెక్కించాను.
నాలుగు రోజులు ఇల్లంతా అత్తరు దుకాణం,
ఐదోరోజు దోమలు,
ఆరోరోజు సోఫా కింద ఒక కప్ప
అద్దె మాట్లాడుకోకుండా దిగింది.

రెండో థర్మామీటరు పడగ్గదికి.
రెంటినీ ఒకే గోడకి పెట్టి చూస్తే డిగ్రీన్నర తేడా.
"తోడికోడళ్లు" అంది సలోమి.

టైమరు సంగతి చెప్పక తప్పదు.
సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి
డాబా మీద తుంపర కొట్టాలి.
పైపుకి నేనే సూది కాల్చి చిల్లులు పొడిచాను.
ఆవేళ ఆమె బూడిదగుమ్మడికాయ తరిగి, పిండి రుబ్బి,
తెల్లారకముందే పాతచీర పరిచి
వరసలు వరసలుగా వడియాలు పెట్టింది.
నా యంత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు.
హాల్లో మూడు డిగ్రీలు తగ్గిందని
నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.
రెండు రోజులు కూర వడ్డించింది,
మాట వడ్డించలేదు.

మూడోది స్టోరేజీలో పక్కన పడేసింది.
మైనస్ పది నుంచి నలభై దాకానే గీతలు,
అంతకుమించిన లోకం దానికి తెలీదు.
ఎక్కడ పెట్టాలో తోచక టీవీ పక్కన వదిలేశాను.

మేలో ఒక వారం నైట్ డ్యూటీలు.
తిరిగొచ్చి పుస్తకం తెరిస్తే
నా అంకెల కింద వేరే దస్తూరీ,
పాలలెక్క రాసే గుండ్రటి అక్షరాలు:
హాలు, ముప్ఫై ఎనిమిది.
పడగ్గది, ముప్ఫై తొమ్మిదిన్నర.
వంటిల్లు, గీతలు అయిపోయాయి.

వెళ్లి చూశాను.
పొయ్యి పక్కన, పోపుడబ్బాల అలమర అంచుకి
పురికొసతో కట్టి ఉంది మూడోది.
ఎర్రనీళ్లు నలభై దాటి
గాజు కొసకి ఆనుకుని నిలబడ్డాయి.
రెండేళ్ల నోటుబుక్కు మొదటినుంచీ తిరగేశాను.
హాలుంది, పడగ్గదుంది, డాబా ఉంది,
ఎవరూ కూర్చోని వరండా కూడా ఉంది.
ఆ గది పేరు ఒక్కసారీ రాయలేదు నేను.

ఆదివారం ఆరాధన అయ్యాక
మస్తాన్ దగ్గర డ్రిల్లింగ్ మిషను అడిగి తెచ్చాను.
ఎగ్జాస్టు ఫ్యానుకని తొమ్మిదంగుళాల గుండ్రం గీస్తే
గోడ దాన్ని పనసకాయ ఆకారంలో ఇచ్చింది.
ఇటుకపొడి పడకుండా గిన్నె మీద పళ్లెం మూస్తూ
"ఇంకొంచెం ఎడమకి" అంటోంది సలోమి.
ఆ వంకర కన్నంలోంచి
బచ్చలితీగ అప్పుడే ఒక ఆకు లోపల పెట్టింది.
గిన్నెలో ఉన్నదీ అదే.