రైట్ రైట్

ఆమె వచ్చింది పొట్ట కోసం.
నేను చీర మోకాళ్ళ దాకా జరపమన్నాను.

"పొట్ట కోయించుకోడానికొస్తే కాళ్ళు సూపమంతారేటమ్మా?"
గొంతు గుర్తుపట్టాను.
విజయనగరం కాంప్లెక్సు నుంచి రాజాం దాకా
ఇరవై రెండేళ్ళుగా నిలబడే ఉన్న గొంతు.
లెంక వరహాలు, కండక్టరు.
సంచిలో చిల్లర, పేరులో వరహాలు.
నేను స్కానింగు కోర్సు చదివే రోజుల్లో
పాసు మర్చిపోతే ఒక్కసారీ దించెయ్యలేదు.
చెకింగోళ్ళు ఎక్కిన రోజు
తన డబ్బుతో టికెట్టు కొట్టి నా గుప్పిట్లో కుక్కింది.

చల్లని జెల్ రాశాను.
పిక్కల మీద వానపాముల్లా మెలికపడ్డ నీలి నరాలు,
చీలమండ చుట్టూ నల్లబారిన చర్మం.
"నిలబడే ఉద్దోగం గదా" అంది,
నేనేదో తిట్టినట్టు.

తర్వాత తనే చెప్పింది.
రెండో కాన్పు కోత తర్వాత పొట్ట జారిపోయింది.
గరివిడిలో ఎక్కిన ముసలమ్మ ఎవరో లేచి సీటిచ్చిందట,
"కూకో తల్లీ, ఎన్నో నెల?"
నలభై ఆరేళ్ళ మనిషిని.
బస్సులో ఒక్కరూ నవ్వలేదు. అదే బాధ, అంది.
మూడేళ్ళ చీటీ పాడింది. సెలవులు దాచింది.
శుక్రవారం ఆపరేషను.

పిక్క నొక్కితే పెట్టెలోంచి హోరు,
రక్తం పైకెక్కుతున్న చప్పుడు.
వదిలేస్తే ఆగాలి.
ఆగలేదు. జారింది, జారుతూనే ఉంది,
తలుపు పడని బస్సులో ఫుట్‌బోర్డు జనంలా.

ఎడమ మోకాలి వెనక, లోతు నరంలో,
తెర మీద మసక గీత ఒకటి.
నొక్కినా ఆ నరం పూర్తిగా మూసుకోదు.
ఎప్పటిదో గడ్డ, కరిగి వదిలిన మచ్చ.

"ఎప్పుడైనా కాలు వాచిందా?"
ఫారంలో లేదు అనే ఉంది.
కాసేపు ఫాను వంక చూసింది.
"సిన్నోడు పుట్టినప్పుడు. ఒక్క కాలే, గుమ్మడికాయలాగ.
మాయమ్మ వావిలాకు కాపడం పెట్టింది. తగ్గిపోనాది."
నా మణికట్టు పట్టుకుంది.
"రాయకమ్మా. రాస్తే డాక్టరు కాదంతాడు.
నువ్వు పాసు మర్సిపోయిన రోజులు నాను రాసానా?"

రాయలేదు. నాకు తెలుసు.
కానీ అక్కా,
మత్తులో నువ్వు మూడు గంటలు కదలకుండా పడుంటావు.
పొట్ట బిగించి కుడితే
తొడల్లోంచి పైకెక్కే దారి ఇరుకవుతుంది.
కోత పడిందని ఒళ్ళంతా కబురెళ్ళి
రక్తం గడ్డ కట్టడానికి తొందరపడుతుంది.
ఆ రాత్రో, నాలుగో నాడో,
ఇంట్లో కుండలోంచి నీళ్ళు ముంచుకుంటుంటేనో
పిక్కలో ఎక్కుతాడొకడు, టికెట్టు లేకుండా.
తొడ దగ్గర దిగడు. పొట్ట దగ్గర దిగడు.
గుండెలోంచి దూరిపోయి
ఊపిరితిత్తుల్లో దిగుతాడు.
ఆ రూట్లో చెకింగు లేదు.

ఇదంతా అప్పుడు అనలేదు.
మణికట్టు విడిపించుకుని
రాశాను.

డాక్టరు ఎప్పటికీ వద్దనలేదు.
ముందు నరాల సంగతి చూపించుకోమన్నాడు,
రక్తం పరీక్షలు రాశాడు, తర్వాత ఆలోచిద్దామన్నాడు.
ఆమెకు వినబడింది ఒక్కటే, వద్దు.
కాగితాలు టికెట్ల కట్టలా మడిచి పట్టుకుని
నా గది ముందు నుంచే పోయింది.
తలుపు తెరిచే ఉంది.

మే నెలలో రాజాం బస్సెక్కాను.
నోటు వంకే చూసి టికెట్టు కొట్టింది.
చిల్లర అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చింది,
దిగేటప్పుడు తీసుకో అనలేదు.
గుర్ల దాటి జనం పలచబడ్డాక
తన సీట్లో కూలబడింది.
చీర అంచు కింద, ఆ ఎండలో,
చర్మం రంగు మందపాటి మేజోళ్ళు.
మడమలు నేలకానించి
పాదాలు పైకి, కిందికి, పైకి,
కుట్టుమిషను తొక్కుతున్నట్టు.
పొట్ట అలాగే ఉంది సంచి వెనక.

నా వైపు చూడలేదు.
చూసిందేమో, ఎండ నా కళ్ళలో పడింది.

గరివిడిలో ఒక ముసలామె మెట్టెక్కలేక ఎక్కుతుంటే
చెయ్యందించి పైకి లాగి,
తలుపు పడ్డ చప్పుడు వినిపించేదాకా ఆగి
అప్పుడంది,
రైట్ రైట్.