మధ్య గొంతు

ఏ రిసీవర్ కొనమంటారని అడుగుతున్నావు, యూసో.
బూట్లకంటిన మంచు అక్కడ దులిపి ఇలా రా.
నేను అమ్మేవాణ్ణి కాదు.
తాంపెరేలో, ఈ వంతెన పక్క సందులో
ముప్పయ్యేళ్ళుగా మూతలు విప్పేవాణ్ణి.
అమ్మేవాడికి పెట్టె ముఖం తెలుసు,
నాకు దాని కడుపు తెలుసు.

ముందు రెండు చేతులా ఎత్తి చూడు.
నడుము కొంచెం తిట్టాలి.
లోపల రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మర్
తన బరువు గురించి అబద్ధమాడలేదు.
అట్టపెట్టె మీది వాట్లు ఆడతాయి.
ఛానళ్ళన్నీ ఒక్కసారి మోగించి కొలిస్తే
సగానికి దిగొస్తాయి,
గాలానికి పడి తప్పించుకున్న చేప గురించి
మా బావమరిది చెప్పే పొడుగులాగా.

పదకొండు ఛానళ్ళంటున్నావు.
మీ గదికి గోడలెన్ని?

గంటసేపు ఆడించాక మూత మీద అరచెయ్యి పెట్టు.
వెచ్చగా ఉంటే సరే.
చటుక్కున చెయ్యి తీసేశావా,
దాన్ని ఇరుకు బీరువాలోకి తొయ్యకు.
వేడికి తొందర లేదు.
ఏటా కాస్త కాస్త
కెపాసిటర్ల పొట్టలు ఉబ్బిస్తూ కూర్చుంటుంది.

వారంటీ మూడేళ్ళని రాశారు, మంచిదే.
నాలుగో ఏడు లోపలి బోర్డు
స్క్రూ తిప్పితే ఊడొస్తుందా,
జిగురుతో అతికించి చేతులు దులుపుకున్నారా,
అది ఎక్కడా రాయరు.

చవకా, ఖరీదా అని కాదు,
ధరని ఏళ్ళతో భాగించమని
వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.
మొన్న నవంబరు దాకా.

రౌహా అని ఒకావిడ. బట్టల మిల్లులో పనిచేసి మానేసింది.
పిల్లలు మంచులో జారే బండికి తాడుతో కట్టి
తన రిసీవర్‌ని ఇక్కడిదాకా లాక్కొచ్చింది.
పందొమ్మిదేళ్ళది. ఒక్కనాడూ మొరాయించలేదట.
"ఎవరికైనా ఇచ్చెయ్యండి," అంది.
"ఇది బాగానే ఉంది. నా చెవులే పోయాయి."

రెండు శీతాకాలాలుగా
సినిమాల్లో వాన వినబడుతోందట,
తలుపు మూసిన చప్పుడు, మెట్ల మీద అడుగులు,
వీపు వెనకనుంచి రైలు.
మనుషుల మాటలు మాత్రం
ఎక్కడో నీళ్ళ అడుగున.
చెవుల డాక్టరు పరీక్ష చేసి
మీ వయసుకి ఇవి భేషైన చెవులన్నాడు.
మొహమాటానికి అన్నాడనుకుంది.
డాక్టర్ని నమ్మలేదు, తనని తాను నమ్మలేదు,
పెట్టెను నమ్మింది.
పందొమ్మిదేళ్ళు మాట తప్పనిదాన్ని
ఎవరు అనుమానిస్తారు?

మూత విప్పాను.
మధ్య ఛానల్ రిలే, బొటనవేలి గోరంత,
కొసలు నల్లబడి ఉంది.
రెండేళ్ళ సంభాషణలన్నీ
ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోయాయి.
కొత్త రిలే నాలుగు యూరోలు.
కళ్ళజోడు వెతుక్కోవడంతో కలిపి ఇరవై నిమిషాల పని.

వార్తలు పెట్టాను.
చదివే అమ్మాయి గొంతు సూటిగా మధ్యలోంచి వచ్చింది.
రౌహా చేతితొడుగులు తీసి, మళ్ళీ వేసుకుంది.
"ఈ పిల్లకి జలుబు చేసినట్టుందే," అంది.
వాతావరణం అయిపోయేదాకా కదల్లేదు.

ధరని ఏళ్ళతో భాగించవచ్చు, యూసో.
ఎదురుగా మాట్లాడుతున్నా అందని మనుషుల్ని
తన తప్పే అనుకుని చూస్తూ కూర్చున్న
ఆ రెండు శీతాకాలాల్ని
దేనితో భాగించాలో నాకు చేతకాలేదు.
చెడిపోయేది ఎలాగూ తిట్లు తిని బాగవుతుంది.
చెడిపోనిదాన్నే
ఏడాదికోసారి పలకరించాలి:
ఒక్కో స్పీకరు దగ్గరా వంగి,
చెవి ఆనించి, ఉన్నావా అని.

పోతూ పోతూ అడిగింది,
"ఇంకెన్నాళ్ళు వస్తుంది?"
తెలియదన్నాను.
తెలుసన్నవాడి దగ్గర నువ్వు కొనకు.
మూత బిగించేముందు లోపలివైపు
పెన్సిల్‌తో ఆ రోజు తేదీ వేశాను.
దాని పక్కన ఇంకో తేదీకి చోటు వదిలాను.

సరే, మాటలు చాలు.
ఆ కింది అరలో ఉన్నది ఎత్తి చూడు.
మోకాళ్ళు వంచి.